ఎండకి ఎక్కే గెడ్డ

ఎండ చురుక్కుమనగానే కొండ కింది గెడ్డ, అదే వాగు, వెనక్కి తిరిగి పైకెక్కడం మొదలుపెడుతుంది. ఉతుకుతున్నవాళ్ళు బట్టలు ఎత్తుకుని పక్కకి జరుగుతారు, మేకల్ని అదిలిస్తారు. అది ఊరు దాటి, ఘాట్ రోడ్డు మలుపులో వరహాలు కొట్టు వెనకదాకా పోయి, అతని నూతిని నింపి, ఎండ తగ్గాక దిగుతుంది. మబ్బు పట్టిన రోజు ఎక్కదు. నీళ్ళు ముంచేవాళ్ళు అవి దేనికో గెడ్డకి చెప్పి ముంచాలి. అంబలికనో, గుంటపిల్ల స్నానానికనో. అంతే, అందులో వింతేమీ లేదు.

వరహాలు మాత్రం ఏనాడూ చెప్పలేదు. "నీళ్ళతో మాటలేటి? నాకేటి పిచ్చా?" అనేవాడు. సాలూరు నుంచి వచ్చి డీజిలు పిండిమర పెట్టుకున్న మనిషి. కొండమీది చోళ్ళన్నీ, అదే రాగులన్నీ, తన మరలోనే పడాలి, జనమంతా తన గుమ్మం ముందే చేతులు కట్టుకుని నిలబడాలి. డీజిలు లేదు పొండని తిప్పి పంపినా ఎవరూ నోరెత్తకూడదు. ఆ దర్జా అతనికి ప్రాణం.

ఆ దర్జాకే ఎసరు పెట్టింది లూర్దమ్మ. మిషన్ బడిలో ఆయా పని మానేసి, ఊరివాళ్ళని కూడగట్టి గెడ్డలో కరెంటు చక్రం పెట్టించింది. గెడ్డ దిగినా తిరుగుతుంది, ఎక్కినా తిరుగుతుంది. దాంతో ఇళ్ళల్లో బల్బులు వెలిగాయి, ఆవిడ షెడ్డులో పిండిమర ఆడింది. డీజిలు చుక్క అక్కర్లేదు, పొగ లేదు. వరహాలు గుమ్మం బోసిపోయింది. కడుపు మండిపోయింది మహానుభావుడికి.

"నువ్వూ అక్కడే ఆడిత్తన్నావట?" అని పెళ్ళాన్ని నిలదీశాడు.

"మన పిండి డీజిలు కంపు కొడతాది," అంది వెంకటలక్ష్మి, చేట దులుపుకుంటూ.

మర్నాడు మబ్బు పట్టింది. ఇవాళ గెడ్డ దిగువకి పారడమే తప్ప ఎక్కడం ఉండదు, ఏం పోసినా తన నూతికి రాదనుకున్నాడు వరహాలు. ఇంజను పక్కన ఏళ్ళ తరబడి పోగుపడ్డ నల్ల నూనె డబ్బాలన్నీ తెచ్చి కొట్టు వెనక గెడ్డ ఎక్కొచ్చే దారిలో గుమ్మరించాడు. ఆ జిడ్డు వాలు వెంట కిందికి జారి చక్రానికి పట్టేసింది. లూర్దమ్మ మర ఆగిపోయింది. కిందనుంచి కేకలు వినిపిస్తుంటే ఇతగాడు తీరిగ్గా టీ తాగాడు.

అంతలో మబ్బు విడిపోయింది. గెడ్డ లేచింది. చక్రాన్ని కడిగేసి, నూనెనంతా చివరి చుక్కదాకా ఊడ్చుకుని పైకొచ్చి వరహాలు నూతిలో వంపేసింది. శుభ్రంగా దిగిపోయింది. ఆ తర్వాతి రోజు ఎంత ఎండ కాసినా, చక్రందాకా వచ్చి వెనక్కి తిరిగింది.

తాగడానికి చుక్క లేక వరహాలు బిందె పట్టుకుని కిందికి దిగాడు. వెనకే వెంకటలక్ష్మి. గెడ్డ దగ్గర ఊరంతా ఉంది. బిందె ముంచితే నీళ్ళు అంచుదాకా వచ్చి తప్పుకున్నాయి.

"తాగడానికి," అని గొణిగాడు, జన్మలో మొదటిసారి. బిందె ఖాళీగానే ఉంది.

"నూనె పోసినప్పుడు సెప్పావేటి?" అంది లూర్దమ్మ. "నీ ఇంజన్నడుగు బావూ, తోడిపెడతాది."

ఎవరైనా నవ్వితే తిట్టిపోద్దామని చూశాడు. ఎవరూ నవ్వలేదు.

వెంకటలక్ష్మి బిందె లాక్కుంది. "అంబలికి. నాకొక్కదానికే," అని గెడ్డకి చెప్పింది. బిందెలోకి ఒక మనిషికి సరిపడా నీళ్ళు వచ్చి ఆగాయి.

"మరి నాకో?" అన్నాడు వరహాలు.

ఆవిడ బిందె చంకనెత్తుకుని, కొట్టు దారి పట్టకుండా లూర్దమ్మ షెడ్డులోకి వెళ్ళిపోయింది.

సాయంత్రం వరహాలు ఇంజన్ని సాలూరు పోయే జీపుకెక్కించి ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంకెవరైనా రావాలా అని డ్రైవరు అడిగాడు. వరహాలు ఊరివైపు చూసి, ఎవరూ లేరు, పోనిమ్మన్నాడు.