కరుణ వెలిగించిన స్టార్

పెళ్ళి ఫొటోలు తీసి తీసి విసుగెత్తినవాడు ఆకాశం వైపు తిరగడంలో వింతేముంది? ఆకాశం సరిగ్గా క్లిక్ కొట్టేటప్పుడు కళ్ళు మూయదు. 'దీంట్లో లావుగా పడ్డాను, ఇంకోటి తీయండి' అనదు. నర్సీపట్నంలో సగం పెళ్ళి ఆల్బమ్‌లు నా స్టూడియోలో తయారైనవే. అది ఎవరికీ గుర్తులేదు గానీ, పెరట్లో గొట్టం పెట్టుకుని మబ్బుల్ని ఫొటో తీసే ప్రేమరాజు అంటే మాత్రం ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

నేను తీసేవి వానమబ్బులు కావని ఎంతమందికి చెప్పను? అవి నెబ్యులాలు. నక్షత్రాల మధ్య పరుచుకున్న వాయువుల మేఘాలు. మామూలు కంటికి ఆనవు. టెలిస్కోపుకి కెమెరా బిగించి, నిమిషాల తరబడి తెరిచి ఉంచి, అలాంటి ఫొటోలు బోలెడు తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే మెల్లగా రంగు తేలుతుంది. అలా చాలా తీశాను. గులాబీ నెబ్యులా ఒక్కటే మిగిలిపోయింది. మృగశిరకి కాస్త తూర్పున, ఎర్రటి పువ్వులా ఉంటుంది. మధ్యలో ఖాళీ. చలికాలంలోనే దొరుకుతుంది. ప్రతి ఏడూ ఏదో ఒక పెళ్ళి అడ్డొచ్చేది. వచ్చే ఏడు తీద్దాంలే అనుకునేవాణ్ణి.

ఇక వచ్చే ఏడు లేదు. మొన్న వానాకాలంలో నా రెండు కళ్ళకీ మధ్య చూపు పోవడం మొదలైంది. ఎదుటి మనిషికి చెవులుంటాయి, జుట్టుంటుంది, మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ ఉంటుంది. వైజాగ్‌లో కంటి డాక్టరు దాచకుండా చెప్పేశాడు. ఇంజెక్షన్లతో జబ్బు కాస్త నెమ్మదిస్తుందట, పోయిన చూపు మాత్రం తిరిగి రాదట, ఆ మచ్చ ఇంకా పెరుగుతుందట. స్టూడియో మూసేశాను. ఏడ్చాను కూడా, దాచడమెందుకు. తరవాత ఒకటే అనుకున్నాను. ఈ చలికాలం ఆ గులాబీని తీసి నా కళ్ళతో నేను చూసుకోవాలి. అంచుల్లో ఇంకా చూపుంది. మసగ్గా ఉన్నదాన్ని సూటిగా చూడకూడదు, కొంచెం పక్కకి చూస్తే కనబడుతుందని టెలిస్కోపు పట్టుకున్న కొత్తలోనే నేర్చుకుంటాం. ఆ విద్యతోనే ఇప్పుడు నా భార్య మొహం చూస్తున్నాను.

నా భార్య కరుణకుమారి అంగన్‌వాడీ టీచరు. నేను ఏడ్చి ఊరుకున్నాను గానీ ఆవిడ ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే కీర్తనల పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి, పేజీ మధ్యలో వేలు పెట్టి, "మద్దినేటుందో సెప్పండి" అంటుంది. నేను ఏమీ లేదంటాను. ఆవిడ పుస్తకం మూసేసి పొయ్యి దగ్గరికి పోతుంది. అంతటితో ఆగితే బాగుండేది. నాకు చెప్పకుండా చర్చిలో మొక్కుకుంది. క్రిస్మస్‌కి ఇంటింటికీ స్టార్ కడతాం కదా, చర్చి శిఖరం మీద ఊరంతా కనిపించేంత పెద్ద ఎల్‌ఈడీ స్టార్ పెట్టిస్తానని, నా కళ్ళు బాగయ్యేదాకా దాన్ని ఒక్క రాత్రి కూడా ఆర్పనని.

చర్చి మా పెరటి గోడకి ఆనుకునే ఉంది. తూర్పు వైపు. నా గులాబీ పైకొచ్చేదీ అటునుంచే.

దాన్ని వెలిగించిన సాయంత్రం మా పెరట్లో జామాకులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఆ వెలుగులో తీసిన ఫొటో చూస్తే, తెల్లగా గ్లాసుడు పాలు.

"ఎలాగుందండీ?" అంది కరుణ సంబరంగా.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాను. ఇంకేమనను?

నాలుగు రోజులు పళ్ళు బిగబట్టి, తరవాత అడిగాను. "కరుణా, రోజూ ఒక్క గంట ఆపిస్తే నా ఫొటో నేను తీసుకుంటాను."

"మీ కళ్ళ కోసవే కదండీ అది! కళ్ళు బాగైపోతే వచ్చే ఏడు ఎన్ని కావలిస్తే అన్ని తీసుకుందురు గానీ."

"వచ్చే ఏడు నాకు కనిపించదే."

"అలాగనీకండి. అవిశ్వాసం మాటలు."

నేను తలుపు వైపు చూశాను. అప్పుడు ఆవిడ మొహం కనిపించింది. పెదాలు వణుకుతున్నాయి.

పాస్టరు శ్యాంబాబు గారి దగ్గరికి వెళ్ళాను. "సిస్టర్ గారి మొక్కు కదా బ్రదర్. ఆవిడొచ్చి ఆపీమంటే ఈ చణవే ఆపేస్తాను," అన్నారు. మంచి మనిషి. కాస్త చెడ్డవాడైనా దెబ్బలాడేవాణ్ణి. రావికమతం వైపు పొలాల్లోకి పోదామంటే బండి నడపడం మానేశాను. ఆటో తోలే దేవుళ్లు ఒకసారి జాలిపడి తీసుకెళ్ళాడు గానీ, ఆ రాత్రి మంచు పట్టి లెన్సు మీంచి నీళ్ళు కారాయి. రెండోసారి అడిగితే "మాయావిడ తిడతంది గురూగారూ" అన్నాడు. క్రిస్మస్ వెళ్ళింది, న్యూ ఇయర్ వెళ్ళింది. అందరిళ్ళ మీదా స్టార్లు దిగిపోయాయి. మాది మాత్రం వెలుగుతూనే ఉంది. నా కళ్ళలో మచ్చ పెద్దదవుతూనే ఉంది.

జనవరి చివర ఒక సాయంత్రం, అన్నాలకి ముందు, కరెంటు పోయింది.

ఊరు ఊరంతా చీకటి. పెరట్లోకి పరిగెత్తి టెలిస్కోపు మీద కప్పిన పట్టా లాగేశాను. దాని మోటారు పాత స్కూటర్ బ్యాటరీతో నడుస్తుంది, గురి పెట్టే పని లాప్‌టాప్ చూసుకుంటుంది. కెమెరా తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

"ఏవండీ! స్టార్ ఆరిపోయిందండీ!" అంటూ కరుణ ఫోను టార్చితో వచ్చింది.

"ఆపు దాన్ని!" అని అరిచాను. పెళ్ళైన దగ్గర్నుంచీ అంత గట్టిగా అరవలేదు. ఆవిడ టార్చి ఆపేసి, బట్టలుతికే రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"తండ్రీ, నాను మాటిచ్చేను. కరెంటు బేగి రప్పించు తండ్రీ..."

ఇంకాసేపు రానీయకు తండ్రీ అని కెమెరా పక్కన నేను. ఒకే పెరట్లోంచి, ఒకాయన్నే, ఇద్దరం చెరో వైపు లాగుతున్నాం. ఆయన స్థానంలో ఉంటే నాకూ దిక్కు తోచేది కాదు.

మొదటి ఫొటో తెర మీదికొచ్చింది. సూటిగా చూస్తే మచ్చ తప్ప ఏమీ లేదు. తెర అంచుకి చూశాను. అప్పుడు వచ్చింది, ఎర్రగా, మసగ్గా, గుండ్రంగా. నా కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

"కరుణా, ఇలా రా."

వచ్చి వంగి చూసింది. "ఏటండీ ఇది! ఎర్రగా పువ్వు నాగుంది."

"అదే."

"మీకు కనిపిస్తందా?" ఆవిడ గొంతు మారిపోయింది. తెర మీద వేలు పెట్టింది. "మద్దినేటుందో సెప్పండి."

ఆలోచించకుండా ఉన్నమాట చెప్పాను. "ఏమీ లేదు. ఖాళీ."

"అవునండీ! ఖాళీయే! సరిగ్గా సెప్పేరండీ!"

నాకు మధ్యలో ఎప్పుడూ ఖాళీయే కరుణా, అందామని నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే నా చెయ్యి తన కళ్ళకద్దుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ చెయ్యి ఎలా లాక్కోను? ఇంతలో కరెంటొచ్చింది. శిఖరం మీద స్టార్ భగ్గున వెలిగింది. "స్తోత్రం ప్రభువా!" అని కరుణ కేక పెట్టింది. లోపల నడుస్తున్న రెండో ఫొటో తెల్లగా పాలైపోయింది.

ఆదివారం ఆరాధనలో కరుణ సాక్ష్యం చెప్పింది. చీకట్లో, అంత చిన్న తెర మీద, మధ్యలో ఏముందో ఆయన గుర్తుపట్టారని చెబుతుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. శ్యాంబాబు గారు నా వైపు తిరిగారు.

"బ్రదర్ ప్రేమరాజు గారూ, నిజవేనా?"

లేచి నిలబడ్డాను. కిటికీ వైపు చూస్తే పక్కనున్న కరుణ కనిపించింది. మా పెళ్ళినాడు నేను ఫొటో తీసుకోలేకపోయిన మొహం అది.

"నిజమేనండి," అన్నాను.

చర్చంతా చప్పట్లు. ఇంత మేలు చేసిన స్టార్‌ని ఇక దింపేది లేదని, ఏడాది పొడుగునా, ప్రతి ఏడాదీ వెలుగుతూనే ఉంటుందని పాస్టరు గారు అక్కడికక్కడే చెప్పేశారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

మర్నాడు పొద్దున్నే కరుణ తలంటుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. కీర్తనల పుస్తకం తెరిచి, నవ్వుతూ పేజీ మీద వేలు పెట్టింది.

"మద్దినేటుందో సెప్పండి," అంది.