తడి మీదే రాయాలి

"మీ ఆవిడది పొడి చర్మమా, జిడ్డు చర్మమా?" అని మందుల షాపు అమ్మాయి అడిగితే పెయింటర్ తన అరచేతి వైపు చూసుకున్నాడు. ముప్పై రెండేళ్ల కాపురం. అరచెయ్యి ఆనించి గోడలో చెమ్మ ఎంతుందో చెప్పగలడు. ఏ గోడ రంగుని పీల్చేస్తుందో, ఏది వద్దని తోసేస్తుందో గుమ్మంలోంచే పసిగట్టగలడు. ఆ అమ్మాయి అడిగింది గోడ గురించి కాదు.

"మామూలుదే అమ్మా."

"మామూలంటే? మధ్యాహ్నానికల్లా ముక్కు మెరుస్తుందా? ముఖం కడిగితే బిగుసుకుపోయినట్టు ఉంటుందా?"

"అది ఆవిణ్ణే అడగాలి."

"అయితే అడిగి రండి."

"ఆవిడ మాట్లాడదు."

అమ్మాయి నవ్వింది. "గొడవ పడ్డారా అంకుల్?"

"కాదమ్మా. పక్షవాతం. నాలుగు నెలలైంది. కుడి పక్క పడిపోయింది, మాటా పోయింది. ఇప్పుడు ముఖమంతా పొలుసులు లేస్తున్నాయి."

అమ్మాయి ముఖంలోని నవ్వు ఎటు పోవాలో తెలియక కాసేపు అక్కడే ఉండిపోయింది. సొరుగులోంచి నాలుగు పల్చటి కాగితాలు తీసి అతని చేతిలో పెట్టింది.

"వట్టి నీళ్లతో ముఖం కడగండి. ఏమీ రాయొద్దు. అరగంట ఆగి, నుదుటికీ ముక్కుకీ రెండు బుగ్గలకీ ఒక్కో కాగితం అద్దండి. నూనె అంటితే జిడ్డు చర్మం, అంటకపోతే పొడి. ఆ కాగితాలు తెచ్చి నాకు చూపించండి."

ఇంటికొచ్చి కిటికీ పక్క కుర్చీలో భార్యని కూర్చోబెట్టి ముఖం కడిగాడు. ఇక ఆ అరగంటా చూడటం తప్ప అతనికి పనేమీ లేదు.

ఎడమ కనుబొమ కింద గింజంత పాత మచ్చ ఒకటి కనిపించింది. చిన్నప్పుడు పడిందా, ఈ ఇంట్లోనే ఏ గడపకో కొట్టుకుందా? తను పనిమీద ఊళ్లు తిరుగుతున్నప్పుడు తగిలిన దెబ్బా? అడగడానికి నోరు తెరిచి ఆగిపోయాడు. అడిగితే ఆమెకి అర్థమవుతుంది. అన్నీ అర్థమవుతాయని డాక్టరు చెప్పాడు. జవాబే రాదు. జవాబు చెప్పగలిగిన రోజుల్లో అతను ఆ మచ్చనే చూడలేదు.

ఆమె కూడా అతన్ని చూస్తూనే ఉంది. గది కొలతలు తీసుకోవడానికి వచ్చిన మనిషిని ఇంటివాళ్లు ఎలా చూస్తారో అలా.

నాలుగు కాగితాల్లో ఒక్కదానికీ నూనె అంటలేదు.

మర్నాడు షాపు అమ్మాయి వాటిని వెలుతురుకి ఎత్తి చూసింది. "బాగా పొడి చర్మం. ఇదిగో, ఈ అరలోవి జిడ్డు చర్మాలకి. సాలిసిలిక్ యాసిడ్ రంధ్రాల్లోకి దిగి జిడ్డుని కరిగిస్తుంది. పక్కది గ్లైకాలిక్, పైన చచ్చిన పొరని ఊడదీస్తుంది. మీ ఆవిడకి యాసిడ్లేవీ వద్దు. ఇప్పుడే ముఖం చిట్లి ఉంది, భగ్గుమంటుంది. ఇది హైలురానిక్, నీటిని పట్టి ఉంచుతుంది. దాని మీద ఈ సెరమైడ్ క్రీము. సందుల్లో నిండి లోపలి తడి బయటికి పోకుండా చూస్తుంది."

"అంటే లప్పం లాగా."

"లప్పమంటే?"

"రంగెయ్యబోయే ముందు గోడ పగుళ్లలో పెట్టి పూడుస్తాం."

"ఆ, లప్పమే అనుకోండి. కానీ తడి మీదే రాయాలి అంకుల్. ముఖం ఆరిపోతే లాభం లేదు."

పెయింటర్ తల ఊపాడు గానీ మనసు ఒప్పుకోలేదు. తడి గోడకి ఏం రాసినా బుడగలొస్తాయి. అదలా ఉంచి, పొలుసులు లేస్తున్న దాని మీద లప్పమా? పైది గీకకుండా లప్పం పెట్టాడని ఒక పనివాణ్ణి అతనే పనిలోంచి తీసేశాడు. కాగితాలు చూసి చెప్పే పిల్లకి పొరల సంగతి ఏం తెలుసు? ఆ అమ్మాయి ఇంకొకరి వైపు తిరగగానే గ్లైకాలిక్ సీసా కూడా అందుకుని, అవతలి కౌంటర్‌లో బిల్లు వేయించుకున్నాడు. దొంగతనం చేసినట్టు అనిపించలేదు. పని తెలిసినవాడి గర్వంగానే ఉంది.

పది నిమిషాలు ఉంచి కడగాలని సీసా మీద రాసి ఉంది. సాయంత్రం దూదితో నుదుటి నుంచి గడ్డం దాకా ఒక్క చోటా వదలకుండా సమంగా పూశాడు. రెండో నిమిషంలో ఆమె గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. ఎడమ చెయ్యి ముఖం మీదికి లేచింది. అతను చటుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"ముట్టుకోకు. తడిగా ఉంది."

ఎన్ని ఇళ్లలో, ఎంతమంది ఇల్లాళ్లతో అన్న మాట అది! ఆలోచించకుండానే వచ్చేసింది. ఆ చెయ్యి కాసేపు పెనుగులాడింది. తర్వాత అతని చేతిలో మెత్తబడి ఊరుకుంది. ఒప్పుకుందనుకున్నాడు. గోడ గడియారం చూస్తూ, ఇలా చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చుని ఎన్నేళ్లయిందో అనుకున్నాడు. అతనికి సంతోషంగా కూడా అనిపించింది. ఎడమ కంటి నుంచి నీళ్లు కారుతుంటే, జబ్బు చేసినప్పటి నుంచీ కళ్లు కారుతూనే ఉన్నాయిలే అనుకుని దూదితో అద్దాడు.

కడిగాక చూస్తే ముఖం కందిపోయి ఉంది.

తెల్లారి ఆదివారం. భార్య చెల్లెలు ఎప్పటిలాగే వచ్చింది. చెప్పులు విప్పకముందే అక్క ముఖం చూసింది.

"ఇదేంటి బావా! గీకడానికి అక్క ముఖమేమైనా గోడా?"

"పై పొర ఊడుతోంది కదా అని..."

"నీ పొర ఊడ! మందుల షాపులో ఎవరూ వద్దనలేదా?"

"షాపు అమ్మాయి వద్దంది."

"మరి?"

"నాకు తెలుసనుకున్నాను."

"తెలుసు! అక్కకి చాయలో చక్కెర ఎన్ని చెంచాలో తెలుసా? ఏ చెవి కమ్మ వదులో తెలుసా? అన్నీ తెలిసినవాడివి మరి!" అంటూనే అక్క పక్కన కూర్చుని సెరమైడ్ మూత తీసింది. చేతులు మెత్తగా పనిచేస్తున్నాయి, నోరు మాత్రం ఆగలేదు. "అంత మంట పుడితే అక్క చెయ్యన్నా ఎత్తలేదా? ఎడమ చెయ్యి బానే ఉందిగా!"

చెప్పడానికి అతనికి ఒక్క క్షణం దొరికింది.

"లేదు. ఎత్తలేదు."

ఆ ఎడమ చెయ్యి ఒళ్లో, చెల్లెలి కొంగు కింద ఉంది. భార్య తలెత్తి అతని వైపు చూసింది. కోపం కనిపిస్తుందేమోనని వెతికాడు. కోపమైతే దానికి ఎదురుగా నిలబడొచ్చు. ఏదో తెలుసుకున్నదానిలా చూసి, ఆమె చూపు తిప్పుకుంది. జరిగింది తెలిసినవాళ్లు ఇద్దరే. చెప్పలేని మనిషి ముందే, చెప్పగలిగినవాడు అబద్ధమాడాడు. అవివేకానికి మందు ఉంటుందేమో. దీనికి ఏ అరలో వెతకాలో అతనికి తెలియలేదు.

సోమవారం అతను గిన్నెలో నీళ్లు తీసుకుని దగ్గరికి వెళితే, ఆమె ఎడమ అరచెయ్యి ముఖానికి అడ్డం పెట్టింది. మంగళవారమూ అంతే. అన్నం తినిపిస్తే తింది, జుట్టు దువ్వనిచ్చింది. ముఖం దగ్గరికి మాత్రం రానివ్వలేదు. తనే తడిగుడ్డతో తుడుచుకుని, తనే తడుముకుంటూ రాసుకునేది. క్రీము చెవి మీదా జుట్టులోనూ పడేది. మూత తీసి పెట్టడం ఒక్కటే అతని పని. ఎత్తిన ఆ అరచెయ్యి ముందు ప్రతి రోజూ కాసేపు నిలబడి, గిన్నె పట్టుకుని వెనక్కి వచ్చేవాడు.

గురువారం ఇక తట్టుకోలేకపోయాడు. ఆమె ఎదురుగానే కూర్చుని మరదలికి ఫోన్ చేశాడు.

"మీ అక్క చెయ్యి ఎత్తింది. నేనే పట్టుకున్నాను. పది నిమిషాలు అయ్యేదాకా వదల్లేదు. ఆ రోజు నీతో అబద్ధం చెప్పాను."

తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండేది. అవతల ఊపిరి తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఫోన్ పెట్టేసింది.

అతను లేచి గిన్నెలో నీళ్లు తెచ్చాడు, ఆమె కడుక్కుంటుందని. ఆమె గుడ్డ తీసుకోలేదు. చెయ్యీ ఎత్తలేదు. మెల్లగా తల కిటికీ వైపు తిప్పి, కుడి చెంప అతని వైపు పెట్టింది.

ఆ చెంపకి సూది గుచ్చినా, మంచుగడ్డ పెట్టినా తెలియదని డాక్టరు మొదటి వారమే పరీక్షించి చెప్పాడు. అది ఆమెకి తెలుసు. అతనికీ తెలుసు.

గుడ్డ తడిపి తుడిచాడు. నీరు ఆరకముందే వేలి కొసతో క్రీము తీసుకుని, కణత నుంచి దవడ దాకా రాశాడు. చర్మం కింద ఎముక తగిలింది. ఇంత సన్నగా ఉంటుందని అతనికి తెలియదు. చల్లగా ఉందా అని అడగబోయి ఊరుకున్నాడు. ఆమె ఎడమ చెంప కిటికీ వెలుతురులో, అతనికి కనపడకుండా ఉంది. అతను ఇవతలి చెంపకే రాస్తూ ఉండిపోయాడు. క్రీము ఎప్పుడో ఇంకిపోయింది.