ఎదురుచూసేవాళ్ళ జరిమానా

పొద్దున్న తొమ్మిదింటికి మా వంటగదికీ హాలుకీ మధ్య టోలు గేటు పడి ఉంది. గుమ్మానికి ఎర్ర తెల్ల చారల కర్ర అడ్డంగా ఉంది. పక్కన అద్దాల గది, అందులో యూనిఫారంలో ఒకావిడ. నా చేతిలో గ్లాసు మంచినీళ్ళున్నాయి. హాల్లో జ్వరంతో పడుకున్న మా అమ్మాయి తరళకు వాటిని ఇవ్వాలి.

"నాన్నా, దాహం. నీళ్ళు తే" అంటుంది తరళ. దానికి ఏడేళ్ళు.

"వస్తున్నా తల్లీ."

నిన్నటిదాకా మా హాలు పన్నెండడుగులు. ఇవాళ అది నాలుగు వరసల రోడ్డయింది. చివరన సోఫా అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. ఇంత దారి వేసినప్పుడు టోలు పెట్టడం సబబే. ఇలాంటి వాటికి నేను పేచీ పెట్టే మనిషిని కాను. మునిసిపల్ ఆఫీసులో నీటి పన్ను సెక్షన్ నాది. గడువు దాటినవాళ్ళకు నోటీసులు రాసేది నేనే. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నా చేత ఎవరూ ఒక్క జరిమానా కట్టించలేకపోయారు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

కర్ర మీద బోర్డు వేలాడుతోంది. "టోలు: దాటేవారి రోజులోంచి ఒక నిమిషం. ట్యాగు పనిచేయనిచో జరిమానా: ఒక ఏడాది." నిమిషమే కదా, ఇచ్చేద్దామనుకుంటాను. అందరికీ ఉన్నట్టే నా ట్యాగు నుదుటి మీద అంటించి ఉంది. కర్ర ముందు తల వంచి నిలబడతాను. పైనున్న యంత్రం ఒకసారి చూసి కీచుమంటుంది. ఎర్ర లైటు వెలుగుతుంది.

"రీడవట్లేదండీ" అంటుంది అద్దాల గదిలో ఆవిడ. చొక్కా మీద కోటమ్మ అని రాసి ఉంది. ఉప్మా తింటోంది. "బొట్టు అడ్డమొచ్చింది మీకు."

నిజమే. నిన్న ఆయుధపూజ. మా ఆవిడ సుభాషిణి స్కూటరుకూ మిక్సీకీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. పనిలో పనిగా నా ట్యాగుకూ పెట్టింది.

"కొత్త వస్తువుని బొట్టు పెట్టకుండా వాడతామా?" అంటుంది సుభాషిణి నా వెనక నుంచి. పాలు పొంగకుండా స్టౌ దగ్గర కాపలా కాస్తోంది. "తుడవమాకండి. మంచిది కాదు."

"ఇంకోసారి చూడమనండి" అంటాను కోటమ్మతో. యంత్రం ఇంకోసారి చూస్తుంది, ఇంకోసారి కీచుమంటుంది.

"జరిమానా పడిందా?"

"రెండు పడ్డాయండి."

"నాకేం తేడా తెలియలేదే."

"మీకెందుకు తెలుస్తదండీ? టోలు దాటేవాళ్ళది, జరిమానా ఎదురుచూసేవాళ్ళది. ఆలస్యం ఎవరికైతే వాళ్ళకేగా రాసేది."

హాలు చివరికి చూస్తాను. తరళ గౌను పొట్టయి మోకాళ్ళ పైకి పోయింది. కోటమ్మ చెప్పినదాంట్లో ఎక్కడ తప్పుందా అని వెతుకుతాను. దొరకదు. నాకు కంగారు మొదలవుతుంది.

కోటమ్మ ఒక కాగితం బయటికి తోస్తుంది. "మీ పేరు మీదకి మార్చుకోవచ్చండీ. ఇక్కడ సంతకం పెడితే పాప ఏళ్ళు పాపకి వెనక్కొస్తాయి. మీవి పోతాయి."

"సంతకం పెడితే నేను జరిమానా కట్టినట్టవుతుందా?"

"అవుతదండి."

"తప్పు నాది కాదు కదా. బొట్టుది."

"అయితే బొట్టు చేత పెట్టించండి సంతకం."

నాకు చిర్రెత్తుకొస్తుంది. ఇరవై రెండేళ్ళ సంగతి ఆవిడకు మొదటినుంచీ చెప్పడం మొదలుపెడతాను. కరెంటు బిల్లు వచ్చిన రోజే కట్టేస్తానని చెబుతాను. ఆవిడ తల ఎత్తకుండా ఉప్మాలో మిరపకాయ ఏరుతుంది. నేను గట్టిగా చెప్పాలనుకున్న ప్రతి మాటకీ తల ఊపుతాను. తల ఊపిన ప్రతిసారీ యంత్రం నా నుదుటిని చూస్తుంది, కీచుమంటుంది. ఆ సంగతి నాకు చాలాసేపటికి గాని తట్టదు.

"నాన్నా, నీళ్ళు తెస్తున్నారా?"

అది పెద్దమనిషి గొంతు. సోఫాకు పట్టక కాళ్ళు బయటికొచ్చాయి. ఒంటి మీద నేత చీర ఉంది. తరళ నన్ను మీరు అనడం ఇదే మొదటిసారి.

"ఇటివ్వండి పెన్ను" అంటాను.

కోటమ్మ గోడ గడియారం చూస్తుంది. "సంతకానికి గడువు దాటిందండీ. ఇప్పుడే, మీరు కరెంటు బిల్లు గురించి చెప్తన్నప్పుడు."

నేను గ్లాసు వంక చూస్తాను. సగం నీళ్ళు నుదుటి మీద పోసుకుని బొట్టు కడిగేస్తాను. వెనక సుభాషిణి స్టౌ వదిలేసి నా వైపు వస్తుంది. పాలు పొంగిన వాసన వస్తుంది. సగమైనా మిగిలాయి, చాలనుకుని తల వంచుతాను.

కీచుమంటుంది.

ఈసారి తల పైకెత్తి యంత్రాన్నే చూస్తాను. దాని గాజు కంటి మీద పసుపు, పసుపు మధ్యలో కుంకుమ బొట్టు.

"నిన్న మాకూ ఆయుధపూజేనండీ" అంటుంది కోటమ్మ. "కొత్త మిషను. పెట్టకుండా ఎట్టా వాడతాం?"

మిగిలిన సగం యంత్రం కంట్లో పోస్తాను. పచ్చ లైటు వెలుగుతుంది. నా రోజులోంచి ఒక నిమిషం పోతుంది, కర్ర లేస్తుంది. ఖాళీ గ్లాసు పట్టుకుని నాలుగు వరసల రోడ్డు మీద నడుస్తాను.

సోఫాలో తరళ లేచి కూర్చుని ఉంది. దగ్గర్నుంచి చూస్తే జుట్టంతా నెరిసి ఉంది. నాకంటే పెద్దదైంది.

"రండి నాన్నా. అలిసిపోయారు."

"నీళ్ళు దారిలో అయిపోయాయమ్మా" అంటాను. నాకు ఏడుపొస్తుంది. సంతకం కాగితం సంగతి చెప్పాలనుకుని, ఖాళీ గ్లాసు చూపిస్తాను.

"పోనీండి. దాహం ఎప్పుడో పోయింది. తిరుగు టోలుకు ఇరవై నాలుగు గంటలు గడువిస్తారట కదా. ఇప్పుడు బయల్దేరితే జరిమానా పడదు."

ఆ మాట నన్ను ఓదార్చడానికే అంటుంది. అది వినడం నాకు కష్టంగా ఉంది. అయినా వెనక్కి తిరుగుతాను. వెళ్ళి నీళ్ళు పట్టుకొస్తే ఏమవుతుందో తెలియదు. వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా తెలియదు.

ఒక్క అడుగు వేసేసరికి తరళ కుడిచెయ్యి నా ముందుకు దిగుతుంది. చెయ్యంతా ఎర్ర తెల్ల చారలు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అడ్డంగా నిలుస్తుంది. దాని చివర అరచెయ్యి మాత్రం ఏడేళ్ళ పిల్లది. గ్లాసు కోసం చాపినట్టు తెరిచే ఉంది.

నేను తల వంచి నుదురు ఆ అరచేతికి ఆనిస్తాను. అది ఇంకా జ్వరంతో కాలుతోంది.