తెడ్డు చప్పుడు

అలసందల్లో రాళ్ళు ఏరుతూనే అజెటా ఆ షాటును మనసులో మరోసారి నడిపించుకుంది. నలభై సెకన్లు. తగ్గితే చెడుతుంది. పదింటికి సినిమా శబ్దాల మిక్సింగు. ఆలోపు అన్నం, అలసందలు వండి, అత్తగారికి పెట్టి, మిగిలింది గిన్నెలో సర్దుకుని, మోపెడ్ మీద ఊగడూగు నగరమంతా దాటి స్టూడియోకు చేరాలి. దర్శకుడికి, అంటే తన మొగుడు సిబిరికి, బయటి తిండి పడదు. "ఎడిటరువైతే అయ్యావు, వాడి కడుపు మాడ్చకు," అంది అత్తగారు వాకిట్లోంచే.

అతనివి అయిదు సినిమాలు కూర్చింది. ఎక్కడ కత్తెర పడాలో, ఎక్కడ పడకూడదో ఆమెకు ముందే తెలిసిపోతుంది. చెబితే సిబిరి, "నువ్వు అతికించు, ఆలోచన నాకొదిలెయ్," అనేవాడు. అందుకని ఒక దారి కనిపెట్టింది. మిక్సింగు చేసే ద్రాబో సామో జాతివాడు. వీళ్ళిద్దరూ మోస్సీలు. ఆ రెండు జాతుల మధ్య వేళాకోళం తాతల నాటిది. ఒకరినొకరు బానిస అని పిలుచుకోవచ్చు, ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు. ఆమె తన మాట ముందుగా ద్రాబో చెవిన వేసేది. అతను బల్ల ముందు కూర్చుని, "ఒరే గాడిదల బేరగాడా, ఆ పాట తీసెయ్, నా చెవులు కుళ్ళిపోతున్నాయి," అనేవాడు. సిబిరి పగలబడి నవ్వి, "కుక్కతలలు తినేవాడికి పాటెందుకులే," అంటూనే పాట తీయించేవాడు. తర్వాత నలుగురిలో, "ద్రాబో చెవి బంగారం. అజెటావి చేతులు, మంచి వేగం," అనేవాడు. మొదట్లో ఆమెకు అది గెలుపులాగే ఉండేది. అనుకున్నది తెరమీదికి వస్తోంది, ఎవరు చెబితే ఏం అనుకునేది. పదకొండేళ్ళు అలాగే అనుకుంది. ఈ సినిమా దగ్గరికి వచ్చేసరికి ఆ మాటతో సరిపెట్టుకోలేకపోయింది.

ఇందులో ఒక తల్లి పొయ్యి మీద సంకటి కెలుకుతుంటే, బంగారు గనిలో కొడుకు పోయాడని కబురొస్తుంది. ఆమె తెడ్డు ఆపదు. అంతే షాటు.

స్టూడియోలో గిన్నె కింద పెట్టగానే ద్రాబో మెల్లిగా అడిగాడు. "చెప్పు చెల్లెమ్మా, ఇవాళ మా బానిసను ఏమని తిట్టాలి?"

"ఏమీ వద్దన్నయ్యా. నేనే మాట్లాడతాను."

"వేళాకోళం లేకుండానా? తట్టుకుంటాడా?"

"తట్టుకోవాలి."

సిబిరి వచ్చాడు. తెరమీద ఆ షాటు పడింది. పన్నెండో సెకను దగ్గర చెయ్యెత్తాడు. "ఇక్కడ కట్. బలాఫోన్ వాయింపు పెంచు. జనం ఏడవాలి."

"కట్ వద్దు. వాయింపూ వద్దు," అంది అజెటా. "తెడ్డు చప్పుడొక్కటే ఉండాలి. నలభై సెకన్లూ."

సిబిరి ద్రాబో వైపు తిరిగి నవ్వాడు. "విన్నావట్రా కుక్కతలోడా? నీ రోగం దీనికీ అంటింది."

ద్రాబో నవ్వలేదు. సిబిరి మొహం బిగిసింది. "కొడుకు పోయాడంటే ఏ తల్లయినా వంట చేస్తూ కూర్చుంటుందా? నమ్మేలా ఉండాలి కదా!"

"నేను చేశాను," అంది అజెటా. "మా అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు సంకటి పొయ్యి మీదుంది. మీ ఇంట్లో పద్నాలుగు మంది ఆకలి మీదున్నారు. దించేదాకా కెలికాను. వడ్డించాను. ఉండలు కట్టిందన్నారు మీరు."

సిబిరి మళ్ళీ ద్రాబో వైపు తిరిగాడు. "సరే, ద్రాబో ఏమంటే అదే చేద్దాం," అన్నాడు.

"ద్రాబో ఏమీ అనడు. ఆ అయిదు సినిమాల్లో ఆయన తిట్టి మార్పించినవన్నీ నేను చెప్పించినవే. అడగండి."

సిబిరి అడక్కుండానే ద్రాబో తలూపాడు.

అజెటా కుర్చీ లాక్కుని ఇద్దరి మధ్యా కూర్చుంది.

"మొదటినుంచి వెయ్యన్నయ్యా. ఈయన ఇంకా వినలేదు."