పందొమ్మిదో నంబరు

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. ముసలితనం మీద పుస్తకం రాసి దేశదేశాల పాఠాల్లోకెక్కిన ప్రొఫెసరు, ఆయన భార్య, కొత్త ముద్రణకు ఆయన సంతకం తీసుకుపోవడానికొచ్చిన పరిశోధక విద్యార్థిని, పిలవకుండా వచ్చిన ఫారాలమ్మ.

ముప్పై ఏళ్ల కిందట ఇల్లిల్లూ తిరిగి రెండు వందల ముప్పై ఎనిమిది మంది ముసలివాళ్ల మాటలు ఫారాల్లో రాసుకొచ్చింది ఆవిడే. రాసింది చదివి వినిపించి, వాళ్లు ఔనన్నాకే వేలిముద్ర వేయించుకునేది. ఫారాలమ్మ అన్న పేరు ఆ ముసలివాళ్లు పెట్టిందే. ఆ ఫారాల మీదే ప్రొఫెసరు తన సూత్రం నిలబెట్టాడు: డెబ్బై దాటిన మనిషి పగ మరిచిపోతాడు. మరవని ముప్పై ఎనిమిది మందినేం చేద్దామని అడిగిన పాపానికి, చేతకాని మనిషని రాసిచ్చి ఆవిడను పంపేశాడు. ఆ ముక్క చూసి మరెవరూ పని ఇవ్వలేదు.

“కూర్చో అమ్మాయ్,” అన్నాడు ప్రొఫెసరు. “ఎన్నేళ్లొచ్చాయి నీకు?”

“డెబ్బై రెండు సార్.”

“అయితే పాతవన్నీ మరిచిపోయుంటావు. నా సూత్రం నీకూ వర్తించాలిగా.”

విద్యార్థిని మర్యాదకు నవ్వింది.

“అది చూద్దామనే వచ్చాను,” అంది ఫారాలమ్మ. “పుస్తకం చివరి పట్టీ తియ్యమ్మా. పందొమ్మిదో నంబరు చదువు.”

“ఎనభై ఒక్కేళ్ల స్త్రీ. పరిశోధన మధ్యలో మరణం,” చదివింది విద్యార్థిని. “ఇలాంటివి ముప్పై ఎనిమిదున్నాయండీ.”

ఫారాలమ్మ సంచిలోంచి ఒక పాత ఫారం తీసింది. ఆనాడు ప్రొఫెసరు చిత్తుకాగితాల్లో పారేస్తే ఏరి దాచుకున్నది. టీ కప్పులు సర్దుతున్న ఆయన భార్య చేతికిచ్చింది. “ఈవిడెవరండీ?”

“మా అత్తయ్య.” తేదీ చూసుకుంది. “దీని తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. మంచంలో ఉంటే నేనే కదా ఎత్తి దించింది. మధ్యలో మరణం ఏంటండీ?”

ప్రొఫెసరు కలానికి మూత పెట్టాడు.

“అందులో ఏముందండీ?” అంది విద్యార్థిని.

ప్రొఫెసరు భార్య మెల్లగా కూడబలుక్కుని చదివింది. “తండ్రి చావుబతుకుల్లో ఉంటే, చదువు పనుందని నా కొడుకు రాలేదు. ఈ కట్టె కాలేదాకా వాణ్ని క్షమించను.”

“కన్నతల్లిని కాగితం మీద చంపేశారు సార్,” అంది ఫారాలమ్మ. సంచి విద్యార్థిని ఒళ్లో పెట్టింది. “తక్కిన ముప్పై ఏడూ ఇందులో ఉన్నాయి.”

విద్యార్థిని సంతకం కాగితాలు తన వైపు లాక్కుంది. “ఈరోజుకు వద్దు సార్. మా గైడ్ గారికి చూపించాలి ఇవి.”

“నాక్కూడా ఒక ఫారం రాసుకోండి సార్,” లేస్తూ అంది ఫారాలమ్మ. “డెబ్బై రెండేళ్ల స్త్రీ. ఏదీ మరవలేదు.”

గడప దాకా ప్రొఫెసరు భార్య వెంట వచ్చింది.

“మీ కడుపు చల్లబడిందిగా. ఇక ఈయనతో వేగాల్సింది నేను,” అంది. అత్తగారి ఫారం తిరిగివ్వకుండానే ఫారాలమ్మ ముఖం మీద తలుపు వేసేసింది.