ఆరోన్ విన్న ఏడుపులు

పదకొండు కాకముందే ఆరోన్ నూట ఇరవై ఏడుపులు విన్నాడు. ఉప్పల్ మెట్రో వెనక సందులో, మూడో అంతస్తులో ఆఫీసు. ఎవరెవరివో గొంతులు హెడ్‌ఫోన్లోకి వస్తాయి. మనుషుల ఏడుపు కంప్యూటరుకు నేర్పాలట, అందుకని ఒక్కోదానికీ ఇంగ్లీషులో పేరు పెట్టాలి. ఎక్కిళ్లు పడుతుంటే సాబ్. గొంతు లేవకుండా కన్నీళ్లు కారుతుంటే వీప్, దాన్ని ఊపిరి తడబాటును బట్టి పోల్చుకోవాలి. దెబ్బ తిన్న కుక్కపిల్లలా సన్నగా మూలిగితే వింపర్. ముక్కు ఎగబీల్చడమే మిగిలితే స్నిఫిల్. గొంతెత్తి శోకం పెడితే వెయిల్. ఇన్ని పేర్లు పెట్టుకున్న ఇంగ్లీషువాళ్లకు ఏడవడానికి తీరికెక్కడిదని ఆరోన్ అప్పుడప్పుడు ఆశ్చర్యపోతాడు.

యాభై నాలుగేళ్ల మనిషి. నాచారంలో ఒక ప్రెస్సులో ఇరవై రెండేళ్లు ప్రూఫులు దిద్దాడు. అది మూతపడ్డాక, ఈ వయసులో అతనికి కుర్చీ చూపించింది ఈ ఆఫీసొక్కటే. లావుపాటి వేళ్లు, కాస్త వంగిన నడుము, హెడ్‌ఫోను రాసుకుని పలచబడిన చెంపవెంట్రుకలు. మధ్యాహ్నం కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు, పెరుగన్నం తింటాడు, మళ్లీ ఏడుపుల్లో పడతాడు.

ఒక్కో క్లిప్పూ ఇద్దరు వింటారు. ఇద్దరూ పెట్టిన పేర్లు కలవాలి. నెలకు నూటికి తొంభై కలవకపోతే ఉద్యోగం పోతుంది. ఇవాళ నెలాఖరు. ఆరోన్ సరిగ్గా తొంభై మీదున్నాడు.

మూడింటికి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

"అన్నం కలిపి పెట్టిన కొడుకా... చెయ్యి కడుక్కొని రాకపోతివి కొడుకా..."

ఆరోన్ వెయిల్ అని నొక్కాడు. అదే క్లిప్పు విన్న రెండోవాళ్లు పాట అని పెట్టారు. ఆ పంచాయితీ కాస్తా టీమ్ లీడర్ విజయశ్రీ దగ్గరికి పోయింది. కాకినాడ అమ్మాయి, మనసున్న పిల్ల. తనే లేచి వచ్చింది.

"ఆరోన్ గారూ, రాగం ఉంది, మాటలున్నాయి. రూలు ప్రకారం పాటేనండి. మార్చేయండి, మీ తొంభై మీకుంటుంది."

"పాట గాదు మేడం."

"ఇంత వరసగా పాడుతోంది కదండీ?"

"పాడుతలేదు, ఏడుస్తున్నది. మా దిక్కు గట్లనే ఏడుస్తరు."

ఆమె నిట్టూర్చి, పది నిమిషాలు ఆలోచించుకోమని వెళ్లిపోయింది.

ఆరోన్ తండ్రి అబ్బయ్య పోయిన రోజు, తల్లి పాపమ్మ ఇలాగే శవం పక్కన కూర్చుని శోకం ఎత్తుకుంది. తనను కాపురానికి తెచ్చుకున్న నాటి నుంచి మొదలుపెట్టింది. అప్పటికే చర్చి సంఘంవాళ్లు పాటల పుస్తకాలతో వాకిట్లో నిలబడ్డారు. పోయినవాళ్లు తిరిగి లేస్తారన్న నిరీక్షణ ఉన్నవాళ్లు శోకాలు పెట్టకూడదని ఎవరో గొణిగారు. ఆరోన్‌కు సిగ్గేసింది.

"అమ్మా, జర ఊకో. పాట అందుకుంటున్నరు," అన్నాడు.

పాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ శోకం ఇంకా మొదటి కాన్పు దాకా కూడా రాలేదు. తర్వాత మూడేళ్లు బతికింది గానీ మిగిలింది ఏడవలేదు, అలాగే పోయింది. ఆ పాపం తనదేనని ఆరోన్‌కు తెలుసు.

మళ్లీ ఒక తల్లిని ఊరుకోమనడం అతనివల్ల కాలేదు. వెయిల్‌ను వెయిల్‌గానే ఉంచాడు. అయిదింటికి లెక్క తొంభైకి దిగువన తేలింది.

"నా చేతిలో ఏం లేదండి," అంది విజయశ్రీ, అతని మొహం చూడలేక.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం. మీ పని మీరు జేసిన్రు."

టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, అందరికీ తలూపి, మెట్లు దిగి నాచారం బస్సెక్కాడు. ఎవరూ పెద్దగా గమనించలేదు.

మర్నాడు ఆ కుర్చీలోకి కొత్తమ్మాయి వచ్చింది. తెర కింద చిన్న పసుపు కాగితం అంటించి ఉంది. దాని మీద ప్రూఫులు దిద్దే చేతి గుండ్రటి అక్షరాలు: "మాటలుంటయి, రాగముంటది. అయినా ఏడుపే. ఆఖరు దాకా వినుండ్రి."