కృపానందం బోర్డు

కృపానందం తడిగుడ్డతో నల్లబోర్డును పైనుంచి కిందికి తుడుస్తున్నాడు. నిన్నటి వాక్యం కరిగి, మోచేతి మీదుగా తెల్లటి నీళ్లై కారింది. గుడ్డ పిండి ఇంకోసారి తుడిచి, బోర్డు ఆరేదాకా జేబులోని సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. అరవై రెండేళ్ల సన్నటి మనిషి. ఎడమ భుజం కుడిదానికంటే కొంచెం దిగి ఉంటుంది. నాచారంలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇరవై ఏడేళ్లు రిజిస్టర్ మీదికి వంగి, వచ్చే బండి, పోయే బండి రాసిన గుర్తు అది. ఇప్పుడు ఉప్పల్ మెట్రో స్తంభాలకు రెండు వీధుల లోపల ఉన్న ఈ చిన్న చర్చికి కాపలా ఉంటాడు, ఊడుస్తాడు, గేటు పక్కన బోర్డు రాస్తాడు. చర్చి వెనక రెండు గదుల ఇంట్లో కూతురు నిస్సీ, అల్లుడు విజయ్ కుమార్‌తో ఉంటాడు.

బోర్డు పైభాగంలో వాక్యం రాసి, కింద రెండు వరుసలు ఖాళీగా వదిలాడు. అవి కబుర్లకు. ఎవరికి బిడ్డ పుట్టిందో, ఎవరికి ఆపరేషన్ ఉందో, ఎవరు ప్రభువునందు నిద్రించారో అక్కడ రాస్తాడు. చర్చికి రానివాళ్లు కూడా పాల ప్యాకెట్‌కు పోతూ ఆ రెండు వరుసలు చదివి పోతారు.

అక్కడ ఏదైనా రాసేముందు అతను రెండు మాటలు అడుగుతాడు.

"నీకెవరు జెప్పిన్రు? నీ కండ్లతోని సూసినవా?"

చూడలేదంటే సుద్ద తీయడు. ఎనిమిదేళ్ల కిందట ఒక్కసారి అడగలేదు. ఎదురింటి దోర్కా భర్త దవాఖానాలో ప్రాణాపాయంలో ఉన్నప్పుడు ఎవరో ఫోన్ చేసి పోయాడన్నారు. కృపానందం రాశాడు. బట్టలు తీసుకుపోదామని వచ్చిన దోర్కా ఆటో దిగి, బోర్డు మీద భర్త పేరు చదివి, రోడ్డు మీదే కూలబడింది. ఆ మనిషి మర్నాడు సాయంత్రం దాకా బతికే ఉన్నాడు. దోర్కా ఏడాదికి మళ్లీ మాట్లాడింది. ఇప్పుడు వేళాకోళాలు కూడా ఆడుతుంది. కానీ ఆ ఖాళీ వరుసల ముందు నిలబడినప్పుడల్లా కృపానందం చేయి ఒక క్షణం ఆగుతుంది. నాలుగేళ్ల కిందట తన భార్య హన్నా పేరు రాసిన రోజు మాత్రమే ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది.

ఇంట్లో నిస్సీ రెండు స్టీలు డబ్బాల మూతలు బిగిస్తోంది. ఆమెకిప్పుడు ఐదో నెల. డబ్బాలు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒకదాని పిడికి ఆకుపచ్చ దారం కట్టింది. కారం తక్కువ వేసినది అది. దోర్కా మేడ మీద గదిలో అద్దెకుండే ప్రశాంత్‌ది. పిఠాపురం దగ్గర పల్లెటూరి పిల్లవాడు, ఇరవై మూడేళ్లు. నాచారంలో విజయ్ పనిచేసే మందుల కంపెనీలోనే కాంట్రాక్టు హెల్పర్. రోజూ విజయ్ బండి వెనక కూర్చుని పోయి, సాయంత్రం అలాగే వస్తాడు.

"అక్కా, ఇవాళ ఏం కూర?" గుమ్మం దగ్గర నుంచే అడిగాడు ప్రశాంత్.

"దొండకాయ."

"కారం తక్కువేశావా? మొన్న నువ్వు తక్కువంటే మూడు సీసాల నీళ్లు తాగాను."

"మస్తు నాజూకు నువ్వు. పో, బండి స్టార్ట్ జేసిండు బావ."

సంచీలో రెండు డబ్బాలూ పెట్టుకుని, నవ్వుతూ వెనక ఎక్కాడు.

పదకొండున్నరకు దోర్కా ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

"బావా, సూసినవా గిది? నాచారంల కంపెనీ కాలిపోయిందట!"

చర్చి సంఘం ఫోన్ గ్రూపులో వచ్చిన వీడియో. నల్లటి పొగ, పరుగెత్తే జనం, ఒక ఆడమనిషి అరుపు. కింద ‘నాచారం, ఇప్పుడే’ అని ఉంది. నిస్సీ లోపలినుంచి వచ్చి చూసింది. చూస్తూనే విజయ్‌కి ఫోన్ కలిపింది. మోగి ఆగిపోయింది. కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారని ఆమెకు తెలుసు. అయినా మళ్లీ కలిపింది. ప్రశాంత్‌కి కూడా చేసింది.

కృపానందం కళ్లద్దాలు తుడుచుకుని వీడియో మూడుసార్లు చూశాడు.

"ఇండ్ల వాన పడ్తుంది. జనం గొడుగులు పట్టుకున్నరు. మనకాడ వాన పడి నాలుగు నెలలాయె. ఇది మనది గాదు. ఎవరు పంపిన్రు దోర్కా?"

"గ్రూపుల వచ్చింది."

"గ్రూపుల ఎవరు పెట్టిన్రు?"

"వాళ్లకు వేరే గ్రూపులకెళ్లి వచ్చిందట. బావా, నువ్వు గిట్ల అడుక్కుంట కూసో. నీ బోర్డు మీదికి వార్త ఎక్కేవరకు నా ఫోన్ల సినిమా అయిపోతది."

నిస్సీ టీవీ పెట్టింది. ఒక ఛానల్‌లో పాటలు. ఇంకోదాంట్లో ‘నాచారంలో భారీ ప్రమాదం?’ అని ఎర్ర అక్షరాలు, చివర ప్రశ్నార్థకం. మూడోదాంట్లో చనిపోయింది ముగ్గురు. నాలుగోదాంట్లో ఏడుగురు. అదే వాన, అవే గొడుగులు. ప్రతి ఛానల్ మారినప్పుడూ నిస్సీ చేయి పొట్ట మీదికి పోయింది.

"డాడీ, వీడియో తప్పే గావచ్చు. కానీ ఏం లేకుంటే అందరు ఎందుకంటరు?"

పేపర్ రేపు పొద్దున గానీ రాదు. ఫోన్ నమ్మేలా లేదు. టీవీకే తన మీద తనకు నమ్మకం ఉన్నట్టు లేదు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఒక గుండీ తప్పు కాజాలో పడింది. చూసుకోలేదు.

"నేను పోయి సూసొస్తా బిడ్డా. అప్పటిదాంక టీవీ బందు జెయ్యి."

షేర్ ఆటోలో ఐదుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. పక్కనున్న మనిషి అదే వీడియో చూస్తున్నాడు. దారి పొడవునా కృపానందం ఆకాశం వైపే చూశాడు. పొగ లేదు. పొగ లేకపోవడం చూసి ఊపిరి తీసుకోబోయి, పొగ రాని ప్రమాదాలు గేటు దగ్గర ఎన్ని చూశాడో గుర్తొచ్చి మళ్లీ బిగబట్టాడు.

పన్నెండున్నరకు కంపెనీ గేటు దగ్గర దిగాడు. గేటు మూసి ఉంది. ఫైరింజన్ లేదు, జనం లేరు. కాపలా మనిషి ముఖం చూడకుండానే అన్నాడు.

"ఏం గాలేదు పెద్దయ్యా. అన్ని అబద్ధాలు. పో."

అతని మోచేయి రిజిస్టర్ మీద ఉంది. ఆ పేజీని మొత్తం కప్పేసింది. ఇరవై ఏడేళ్లలో కృపానందం తన రిజిస్టర్‌ను మూడుసార్లు అలా కప్పాడు. మూడుసార్లూ లోపల జరిగిన ప్రమాదం బయటికి పొక్కకుండా కప్పాడని అతనికి గుర్తుంది. దాని గురించి అడగబోయాడు, నోటికి అల్లుడి పేరే వచ్చింది.

"మా అల్లుడు, విజయ్ కుమార్. ఒక్కపారి పిలుస్తవా?"

కాపలా మనిషి లోపలికి ఫోన్ చేశాడు. చాలాసేపు ఎవరితోనో మాట్లాడాడు. పావుగంట తర్వాత చిన్నగేటు తెరుచుకుని విజయ్ బయటికొచ్చాడు. తలమీద పసుపు టోపీ. కాళ్లూ చేతులూ అన్నీ ఉన్నాయి. కృపానందం అతని రెండు భుజాలూ పట్టుకున్నాడు. చొక్కా చెమటతో తడిసి ఉంది. దాన్ని వదలబుద్ధి కాలేదు.

"ఏం గాలేదు మామా," అన్నాడు విజయ్, నేల చూస్తూ. "నువ్వింటికి పో. నిస్సీని ఫికర్ జెయ్యొద్దను."

"దేవునికి స్తోత్రం," అన్నాడు కృపానందం. రిజిస్టర్ మీది మోచేయి అతనికి మళ్లీ గుర్తు రాలేదు.

తిరిగొచ్చాక కృపానందం సుద్ద తీశాడు. ఖాళీగా వదిలిన వరుసల్లో పెద్ద అక్షరాలతో రాశాడు: ‘నాచారంలో ప్రమాదం ఏమీ జరగలేదు. స్వయంగా వెళ్లి విచారించాము. వదంతులు నమ్మవద్దు.’ దోర్కా దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. ఇంతలోనే నలభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

"బావా, ఇయ్యాల నీ బోర్డు టీవీని గెల్సింది," అంది.

అతను నవ్వాడు. అప్పుడే తప్పు కాజాలో పడ్డ గుండీ చూసుకుని సరిచేసుకున్నాడు.

నాలుగింటికి నిస్సీ ఫోన్ మోగింది. ప్రశాంత్ వాళ్లమ్మ కామాక్షి. నిస్సీ స్పీకర్ పెట్టింది.

"అమ్మాయ్, టీవీలో ఏదో చెప్తున్నారే. మా వాడు ఫోనెత్తట్లేదు. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు నేను."

"ఏం గాలేదు ఆంటీ. మా డాడీ సొంతంగ పోయి కనుక్కున్నడు. మా ఆయన గూడ బాగున్నడు. ప్రశాంత్ పనిలుంటడు, ఫోన్ ఉండది వాళ్ల దగ్గర."

"మీ నాన్నగారే వెళ్లారా? అయితే ఇంక నాకు దిగుల్లేదమ్మా. అన్నం తింటాను. వాడొచ్చాక ఒక్కసారి మాట్లాడించు."

కృపానందం పక్కనే కూర్చుని తల ఊపాడు, ఆమెకు కనబడుతున్నట్టు.

ఏడు కావస్తుండగా బండి వచ్చింది. విజయ్ స్టాండు వేసి, దిగకుండా చాలాసేపు దాని మీదే కూర్చున్నాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. లోపలికొచ్చి సంచీని వంటబండ మీద పెట్టాడు.

"ప్రశాంత్ ఏడి? వాళ్లమ్మతో మాట్లాడిపియ్యాలె," అంది నిస్సీ.

"ఓవర్‌టైం."

నిస్సీ కడగడానికి డబ్బాలు తీసింది. రెండూ బరువుగా ఉన్నాయి. ఒకదాన్ని దించి, ఇంకోదాన్ని చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

"ఏంది, ఇద్దరు తినలేదా?"

కృపానందం కుర్చీలోంచి చూశాడు. ఆమె చేతిలో ఉన్నది ఆకుపచ్చ దారం డబ్బా.

"ఓవర్‌టైం జేసేటోడు డబ్బా ఎందుకు పంపిచ్చిండు?" అన్నాడు మెల్లగా.

కృపానందం లేచి విజయ్ ముందు నిలబడ్డాడు.

"నీ కండ్లతోని సూసినవా?"

విజయ్ గోడ పక్కన కింద కూర్చున్నాడు.

"ట్యాంకు కడగనీకి దిగిండు మామా. లోపల గ్యాస్ ఉండె. నడుముకు తాడు గూడ లేకుండె. నేనే గుంజిన పైకి. అప్పటికే అయిపోయింది. కంపెనీ బండ్లనే తీస్కపోయిన్రు."

"ఎన్నింటికి?"

"పది దాటింది."

గేటు దగ్గర తను పట్టుకున్న ఆ తడి చొక్కా కృపానందం చేతులకు గుర్తొచ్చింది.

"ఆఫీసుల కూసోబెట్టి జెప్పిన్రు," అన్నాడు విజయ్. "ఇంటోళ్లకు మేమే జెప్తం, ఎవడు నోరు తెరిచినా రేపటికెళ్లి గేటు లోపలికి రానియ్యం అన్నరు. నువ్వొచ్చినవంటే, ఏం గాలేదని జెప్పి పంపియ్యమన్నరు. నేను జెప్పిన."

"నేను అడగలే," అన్నాడు కృపానందం. "అందరిని అడుగుత. నిన్ను సూడంగనే పాణం లేచొచ్చింది. అడగాల్సింది అడగలే."

నిస్సీ డబ్బాను మళ్లీ బండ మీద పెట్టింది. "వాళ్లమ్మకు నేనేం జెప్పిన డాడీ," అంది. ఆ మాట పూర్తికాకముందే ఫోన్ మోగింది. తెర మీద కామాక్షి పేరు. నిస్సీ ఎత్తలేక తండ్రి చేతికిచ్చింది. అతను స్పీకర్ పెట్టాడు.

"వాడొచ్చాడా అమ్మా?"

"నేనమ్మా, నిస్సీ వాళ్ల నాయినను. ఇందాక మా బిడ్డ జెప్పింది తప్పు. నేను జెప్పిందే తప్పు." ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. "ప్రశాంత్ పొద్దుగాల పనిల పడిపోయిండమ్మా. లేవలే."

కామాక్షి చిన్న గొంతుతో, బతిమాలుతున్నట్టు అడిగింది.

"మీరు చూశారా అన్నయ్యగారూ? మీ కళ్లతో చూశారా?"

కృపానందం విజయ్ వైపు చూశాడు. విజయ్ లేచి, అతని చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"నేను సూసిన పెద్దమ్మా," అన్నాడు.

ఆ తర్వాత అటునుంచి వచ్చిన ఏడుపు ముగ్గురూ నిలబడే విన్నారు. ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. ఎవరో ఆమె చేతిలోంచి తీసుకునేదాకా ఆ ఏడుపు గదిలో ఉంది.

కృపానందం గోడ మేకుకున్న తడిగుడ్డ అందుకున్నాడు. గుడ్డ జారి కిందపడింది. వంగబోయాడు. విజయ్ ముందే వంగి దాన్ని తీసుకున్నాడు. మామ చొక్కా జేబులో చేయిపెట్టి సుద్దముక్క తీసుకున్నాడు.

"నువ్వు రాస్తే దోర్కా అత్త ఫోటో తీస్తది. గ్రూపుల పెడ్తరు," అంది నిస్సీ. "రేపు నీ నౌకరీ..."

విజయ్ ఆమె వైపు చూశాడు. ఆమె పొట్ట వైపు చూశాడు. తలుపు తీసి, గుడ్డా సుద్దా పట్టుకుని బోర్డు ఉన్న వైపు నడిచిపోయాడు.

వంటబండ మీద ఆకుపచ్చ దారం కట్టిన డబ్బా, పొద్దున నిస్సీ బిగించిన మూతతోనే, అలాగే ఉంది.